రుసోఫోబియాకి తెలుగులో ఏం రాయాలి? రష్యా భయమా, రష్యా ద్వేషమా?

డెస్క్_సుబ్బు
మంగళవారం, రాత్రి 11:52

అందరికీ నమస్కారం. నేనొక దినపత్రికలో అంతర్జాతీయ పేజీ చూస్తాను. పోయిన వారం ఒక ఏజెన్సీ కాపీలో రుసోఫోబియా అనే మాట తగిలింది. యూరప్ దేశాలు రుసోఫోబియాతో ఊగిపోతున్నాయని రష్యా విదేశాంగ శాఖ చేసిన ఆరోపణ అది. పేజీ వదలడానికి పావుగంటే టైమ్ ఉంది, ఆ టెన్షన్‌లో ఫోబియా అంటే భయమే కదా అనుకుని "యూరప్‌లో పెరుగుతున్న రష్యా భయం" అని హెడ్డింగ్ పెట్టేశాను.

తెల్లారి ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు ఆఫీసుకి ఫోన్ చేశారు. "బాబూ, హెడ్డింగు చూస్తే రష్యా ఎక్కడ మీద పడుతుందోనని యూరప్ వాళ్లు వణికిపోతున్నారని అర్థమవుతోంది, కింద వార్త చదివితే రష్యా వాళ్లంటే అక్కడ అసహ్యం పెరిగిందని ఉంది, రెండిట్లో ఏది నిజం?" అన్నారు. చూసి చెప్తానండీ అని పెట్టేశాను గానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

డెస్క్‌లో అడిగితే ఒకాయన రష్యా ద్వేషం అనమన్నారు, ఇంకో ఆవిడ రష్యా వ్యతిరేకత చాలన్నారు, ఇన్‌ఛార్జ్ గారేమో అలాగే రుసోఫోబియా అని ఉంచెయ్, తెలిసినవాళ్లకి తెలుస్తుంది అన్నారు. నాకు మూడూ ఆనలేదు. ఇది మళ్లీ మళ్లీ వచ్చే మాట. మీరంతా ఏమంటారు?


పదకోశం
బుధవారం, ఉదయం 6:20

సుబ్బు గారూ, మీ మాస్టారు పట్టుకున్నది సమాసం దగ్గర. చిన్నప్పుడు తత్పురుష సమాసాలకి ఉదాహరణ చెప్పమంటే క్లాసంతా దొంగభయం అని అరిచేవాళ్లం గుర్తుందా? దొంగ వలన భయం, పంచమీ తత్పురుష. పులిభయం, పాముభయం, అన్నీ అదే దారి. ఆ అలవాటున్న చెవికి రష్యా భయం అని పడితే రష్యా వలన భయం అనే వినిపిస్తుంది. దండయాత్ర గుర్తొస్తుంది. మాస్టారి తప్పేమీ లేదు.

పోనీ రష్యన్ల ద్వేషం అందామా, అది ఇంకా చిక్కు. షష్ఠి పెట్టగానే రష్యన్లు ఎవరినో ద్వేషిస్తున్నారని కూడా అర్థం వస్తుంది, అంటే వార్త మొత్తం తిరగబడిపోతుంది. రష్యన్లపై ద్వేషం, రష్యన్ల పట్ల ద్వేషం, ఇలా విడదీసి రాస్తేనే ఎవరు ఎవరిని అన్నది తేలుతుంది. హెడ్డింగులో ఒక అక్షరం ఎక్కువైనా ఇక్కడ విభక్తిని మింగకూడదు.

రష్యా వ్యతిరేకత అనేది వేరే సంగతి. అది రాజకీయ మాట. ఒక దేశం తీసుకునే నిర్ణయాలను వ్యతిరేకించడం, ఐక్యరాజ్యసమితిలో దానికి వ్యతిరేకంగా ఓటెయ్యడం, ఇవన్నీ అందులోకి వస్తాయి. ఒక మనిషి రష్యన్ అయినందుకే అతని పొడ గిట్టకపోవడం ఇందులోకి రాదు. రుసోఫోబియా అన్నవాళ్లు ఈ రెంటిలో దేన్ని అంటున్నారో తెలియకుండా తెలుగు మాట ఎంచుకోలేం.


డా_మాధవి
బుధవారం, ఉదయం 7:05

డాక్టర్‌గా ఒక్క మాట. ఫోబియా అంటే ప్రతిచోటా భయమే అనుకోవద్దు. గ్రీకులో ఫోబోస్ అంటే భయమే, నిజమే. కానీ వాడుకలో అది చాలా దూరం పోయింది. ఫోటోఫోబియా అని కేస్ షీట్‌లో రాస్తాం, పేషెంట్ వెలుతురుకి భయపడుతున్నాడని కాదు, కళ్లు వెలుతురుని ఓర్చుకోలేకపోతున్నాయని. తలనొప్పితో వచ్చే అమ్మలు దాన్ని చక్కగా చెప్తారు, "వెలుతురు పడట్లేదమ్మా" అని. రేబిస్ వచ్చినవాళ్లలో హైడ్రోఫోబియా కూడా అంతే, నీళ్లు మింగబోతే గొంతు కండరాలు బిగుసుకుపోతాయి. ఆ రోగిని ఒక్కసారి దగ్గరగా చూసినవాళ్లెవరూ దాన్ని మామూలు భయం అనరు.

మన పడదు అనే మాట ఫోబియాకి ఎంత దగ్గరో చూడండి. నాకు వంకాయ పడదు. వాళ్లిద్దరికీ పడదు. ఒంటి సంగతికీ మనసు సంగతికీ ఒకటే మాట.

ఇంకోటి. భయానికి సరైన కారణం ఉంటే మేం ఫోబియా అని రాయం. కుక్క కరిచిన పిల్లాడు మర్నాడు అదే కుక్కను చూసి అమ్మ వెనక దాక్కుంటే దానికి జబ్బు పేరు పెట్టం కదా. రుసోఫోబియా అనగానే "నీ కోపానికి కారణం లేదు, అది నీలో ఉన్న జబ్బు" అని ముందే తీర్పు చెప్పినట్టు. వార్త రాసేవాళ్లు ఈ సంగతి గమనించాలి.


సాగర్_నల్గొండ
బుధవారం, ఉదయం 9:41

ఇంత లోతుకి పోవాలా అన్నా? ఇస్లామోఫోబియా, హోమోఫోబియా అని అలాగే రాస్తున్నాం కదా, జనానికి అర్థమవుతోంది. ఇదీ అలాగే రాసేస్తే సరిపోదా? ఎవరు పుట్టించారు అసలు ఈ మాట?


చరిత్ర_వేణు
బుధవారం, మధ్యాహ్నం 1:15

సాగర్, ఎవరు పుట్టించారో తెలిస్తే అలా తేలిగ్గా రాసెయ్యమనవు. ఈ మాటకి రెండు పుట్టుకలున్నాయి, అదే ఇందులో అసలు విశేషం.

మొదటిది ఇంగ్లండులో, 1830లలో. అప్పట్లో రష్యా టర్కీని మింగేస్తుందని, ఆ తర్వాత పర్షియా, అఫ్గానిస్తాన్ మీదుగా ఇండియా మీదికి దిగుతుందని లండన్ పత్రికలు ఊదరగొట్టేవి. దాన్ని చూసి విసుగెత్తిన ఇంగ్లిషువాళ్లే తమ తోటి ఇంగ్లిషువాళ్లకి పట్టిన ఈ జబ్బుకి రుసోఫోబియా అని పేరు పెట్టారు. రిచర్డ్ కాబ్డెన్ అని మాంచెస్టర్‌లో అద్దకపు బట్టల వ్యాపారి, తర్వాత పెద్ద రాజకీయ నాయకుడయ్యాడు. 1836లో ఆయన రష్యా మీద ఒక కరపత్రం వేశాడు. రుసోఫోబియాకి మందు అన్న అర్థం దాని పేరులోనే ఉంది. అంటే అప్పటి వాడుకలో ఈ మాట రష్యన్ల కష్టం గురించి కానేకాదు, మన వాళ్లు లేనిపోని భయంతో యుద్ధానికి పోతున్నారన్న హెచ్చరిక.

ఆ హెచ్చరిక ఎవరూ వినలేదు. కాబూల్ రష్యా చేతికి పోతుందన్న అనుమానంతోనే 1839లో కంపెనీ సైన్యం అఫ్గానిస్తాన్‌లోకి దిగింది. 1842 జనవరిలో కాబూల్ నుంచి వెనక్కి బయల్దేరినవాళ్లు దాదాపు 4,500 మంది సైనికులు, 12,000 మంది దాకా వాళ్ల వెంట ఉన్న పనివాళ్లు, ఆడవాళ్లు, పిల్లలు. మంచులో, కనుమల్లో దాదాపు అందరూ పోయారు. ఆ సైనికుల్లో ఎక్కువమంది హిందుస్థానీ సిపాయిలే. డాక్టర్ బ్రైడన్ ఒక్కడు గుర్రం మీద జలాలాబాద్ చేరడం గురించి చాలామంది చదివే ఉంటారు, ఆ సిపాయిల పేర్లు మాత్రం మనకి తెలియవు. ఎప్పుడు చదివినా నాకు కడుపులో దేవినట్టుంటుంది. లండన్‌లో పుట్టిన ఒక భయానికి మనవాళ్లు చెల్లించిన లెక్క అది. 1885లో అఫ్గాన్ సరిహద్దులో పంజ్‌దే దగ్గర రష్యన్లు అఫ్గాన్లను కొట్టినప్పుడు ఇంగ్లిషువాళ్లు మళ్లీ యుద్ధం అంచుదాకా పోయారు. ఎక్కడో ఉన్న న్యూజిలాండ్‌లో కూడా రష్యా ఓడలొస్తాయని రేవుల దగ్గర కోటలు కట్టుకున్నారంటే ఆలోచించండి.

రెండో పుట్టుక రష్యాలో. త్యూత్చెవ్ అని గొప్ప కవి, దౌత్యవేత్త, విదేశీ పుస్తకాల సెన్సార్ కమిటీకి అధిపతి కూడా. 1867లో కూతురికి ఫ్రెంచిలో రాసిన ఉత్తరంలో ఈ మాట వాడాడు. ఎవరి మీద? పరాయివాళ్ల మీద కాదు, రష్యన్ల మీదే! యూరప్ అంటే పడిచచ్చే తన దేశపు చదువుకున్నవాళ్ల మీద. ఇంతకుముందు రష్యాలో స్వేచ్ఛ లేదు కాబట్టి యూరప్ అంటే ఇష్టమనేవారు, ఇప్పుడు స్వేచ్ఛ కొంచెం పెరుగుతుంటే వీళ్ల అయిష్టం ఇంకా పెరుగుతోందేమిటి అన్నది ఆయన బాధ. వంద ఏళ్లు దాటాక షఫరేవిచ్ అనే గణిత శాస్త్రవేత్త ఇదే పేరుతో రాసిన వ్యాసం ముందు రహస్య ప్రతులుగా తిరిగి 1989లో పత్రికలో అచ్చయింది. అది దేశంలోపలి ఒక చిన్న గుంపు రష్యాను ద్వేషిస్తోందని, అందులో ముఖ్యులు యూదులని వేలెత్తి చూపించింది. తోటి శాస్త్రవేత్తలు ఎంతోమంది దాన్ని ఖండించారు.

కాబట్టి రెండుచోట్లా ఈ మాట ముందు ఇంట్లోవాళ్ల మీద విసిరిందే. బయటివాళ్ల మీద పెట్టే కేసుగా మారింది తర్వాత.


ఖార్కివ్_బ్యాచ్
బుధవారం, రాత్రి 10:30

నేను ఉక్రెయిన్‌లోని ఖార్కివ్‌లో ఎంబీబీఎస్ నాలుగో ఏడు చదువుతుండగా యుద్ధం వచ్చింది. ఈ మాట మీద నాకు చెప్పాల్సింది ఉంది, కొంచెం పెద్దదవుతుంది, చదవండి.

ఖార్కివ్ రష్యన్ మాట్లాడే ఊరు. మేం పేషెంట్లతో మాట్లాడటానికి నేర్చుకున్నది రష్యనే. మా హాస్టల్ కమెండాంట్, అంటే వార్డెన్ లాంటి ఆవిడ, అరవై దాటినామె, మాకు రష్యన్ తప్పులు దిద్దింది ఆవిడే. పొద్దున్నే కారిడార్‌లో ఎదురైతే "దోబ్రయ ఊత్ర" అనేది, మనం తిరిగి అనకపోతే ఊరుకునేది కాదు. ఆవిడ సొంత చెల్లెలు బెల్గొరోద్‌లో ఉంటుంది. అది రష్యా ఊరే గానీ మాకు గంటన్నర దూరం, పండగలకి అటూ ఇటూ పోయేవాళ్లట.

2022 ఫిబ్రవరి 24 తెల్లవారుజామున పేలుళ్లు మొదలయ్యాక మమ్మల్నందర్నీ బేస్‌మెంట్‌లోకి తోలింది ఆవిడే. అక్కడ కూర్చునే చెల్లెలికి ఫోన్ చేసింది. స్పీకర్‌లో పెట్టింది కాబట్టి మేమూ విన్నాం. "మా ఊరి మీద బాంబులు పడుతున్నాయి" అంటే అవతల నుంచి "మీవాళ్లే వేసుకుంటున్నారు, మా టీవీలో చూపించారు, మావాళ్లు ఊళ్ల మీద వెయ్యరు" అని చెల్లెలు. ఈవిడ ఇంకేం మాట్లాడలేదు. ఫోన్ పెట్టేసి కెటిల్‌లో నీళ్లు పోసి మాకు టీ పెట్టింది. చేతులు వణుకుతున్నాయి, మూత సరిగా పడట్లేదు, నేను వెళ్లి పెట్టాను.

మార్చి 1న కర్ణాటక అబ్బాయి, మెడికల్ స్టూడెంటే, సరుకుల కోసం బయటికెళ్లి షెల్లింగ్‌లో చనిపోయాడు. మర్నాడు ఎంబసీ నుంచి సాయంత్రం 6 లోపు ఖార్కివ్ వదలమని, నడిచైనా సరే పిసోచిన్, బబాయ్, బెజ్ల్యూదివ్క చేరమని మెసేజ్ వచ్చింది. పిసోచిన్ 11 కిలోమీటర్లు. నడిచాం. గేటు దాకా వచ్చి మా బ్యాగుల్లో బ్రెడ్ కుక్కింది ఆవిడ.

తర్వాత టెలిగ్రామ్‌లో టచ్‌లో ఉన్నాను. ఆ ఎండాకాలం ఒకరోజు పొద్దున మెసేజ్ వచ్చింది, "దోబ్రొహొ రాంకు" అని. అదే శుభోదయం, ఉక్రేనియన్‌లో. అప్పటినుంచి రష్యన్‌లో ఒక్క ముక్క రాయలేదు. నేను రష్యన్‌లో రాస్తే ఉక్రేనియన్‌లో జవాబిస్తుంది. అరవై ఏళ్లు మాట్లాడిన భాషని మానేసింది. ఈ వాడుక ప్రకారం ఆవిడ రుసోఫోబ్. పుట్టింటి మాటని నోట్లోంచి తీసేసుకున్న మనిషికి, చెల్లెలితో మాటలు ఆగిపోయిన మనిషికి నేను ఆ పేరు పెట్టలేను. మాధవి మేడమ్ చెప్పిన కుక్క కరిచిన పిల్లాడి మాటే నాకు కరెక్ట్ అనిపించింది.


తెనాలి_పాతపుస్తకాలు
గురువారం, ఉదయం 5:48

బాబూ ఖార్కివ్, చదివాక చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. ఆ తల్లి క్షేమంగా ఉండాలి.

కానీ నాకు ఇంకో వైపు కూడా చెప్పాలని ఉంది. నాకు డెబ్బై రెండు. నా తరం విశాలాంధ్ర పుస్తకాల షాపులో పెరిగింది. రెండు రూపాయలకి గట్టి అట్ట పుస్తకం, మాస్కోలో అచ్చయింది, తెలుగులో! ఉప్పల లక్ష్మణరావు గారు, రాచమల్లు రామచంద్రారెడ్డి గారు అక్కడికి పోయి కూర్చుని మనకోసం అనువాదాలు చేశారు. సోవియట్ భూమి పత్రిక కాగితాలు నున్నగా ఉంటాయని బడి పుస్తకాలకి అట్టలేసుకునేవాళ్లం. రష్యా వాడంటే మాకు బంధువు.

ఆ బంధువుని ద్వేషించడం అనేది లేదని మాత్రం అనకండి. హిట్లర్ చేసిందేమిటి? స్లావులు తక్కువ జాతి అని రాసుకుని మరీ దాడి చేశాడు. జర్మన్ల చేతికి చిక్కిన సోవియట్ యుద్ధ ఖైదీలు దాదాపు 57 లక్షలు, అందులో 33 లక్షల దాకా ఆకలికీ చలికీ తూటాలకీ పోయారు. లెనిన్‌గ్రాద్‌ని 872 రోజులు దిగ్బంధించి తిండి లేకుండా చంపారు. ఇది జాతి ద్వేషం కాకపోతే ఇంకేది? పుతిన్ వాడుతున్నాడని ఆ మాటనే అబద్ధమంటే ఆ చచ్చిపోయినవాళ్లకి అన్యాయం చేసినట్టు.


చరిత్ర_వేణు
గురువారం, ఉదయం 8:10

తెనాలి రంగారావు గారూ, మీ మాట కాదనను. కానీ ఆ 57 లక్షల్లో ఉక్రేనియన్లు, బెలారస్ వాళ్లు, కజక్కులు, జార్జియన్లు అందరూ ఉన్నారు. నాజీలు స్లావులందరినీ, సోవియట్ వాళ్లందరినీ కలిపి తొక్కారు. ఇవాళ దాన్నంతా రష్యన్ల మీద ద్వేషం అని ఒక్కరి ఖాతాలో రాసుకుంటే మిగతావాళ్ల చావులు ఏమైనట్టు?

పోలండ్ వైపు నుంచి కూడా చూడాలి. 1772, 1793, 1795ల్లో ఆ దేశాన్ని ముక్కలు చేసి పంచుకున్నవాళ్లలో రష్యా ఒకటి. 1940లో కాతిన్‌లో, మరికొన్నిచోట్ల దాదాపు 22 వేల మంది పోలిష్ అధికారులను, చదువుకున్నవాళ్లను స్టాలిన్ పోలీసులు కాల్చేసి, 1990 దాకా జర్మన్లే చేశారని చెప్పుకొచ్చారు. ఆ ఇళ్లలో పెరిగినవాళ్లకి మాస్కో మీద నమ్మకం లేకపోవడాన్ని ఫోబియా అంటామా?


తెనాలి_పాతపుస్తకాలు
గురువారం, ఉదయం 8:55

కాతిన్ సంగతి మా పార్టీ క్లాసుల్లో ఎవరూ చెప్పలేదు బాబూ. తొంభైలో పేపర్లో చూసి తెలుసుకున్నాను, ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇంకోటి కూడా ఒప్పుకుంటాను. మేం రష్యన్ కథలని చదివినవన్నీ రష్యన్లవి కావు. గోగోల్ పుట్టింది ఉక్రెయిన్‌లో, పోల్తావా వైపు. ఐత్‌మాతొవ్ కిర్గిజ్ వాడు. మేం అందరినీ కలిపి రష్యా వాళ్లనే అనేవాళ్లం. మా ప్రేమలో కూడా ఆ కలగలుపు ఉంది.


పదకోశం
గురువారం, మధ్యాహ్నం 12:30

మీరన్న కలగలుపు భాషలోనే ఉందండి. రష్యన్‌లో రెండు మాటలున్నాయి. రూస్కీ అంటే జాతిపరంగా, భాషపరంగా రష్యన్. రస్సీస్కీ అంటే రష్యా దేశానికి చెందినది, అది తాతారు కావచ్చు, చెచెన్ కావచ్చు, రష్యా పౌరుడైతే చాలు. తెలుగులో రెండిటికీ రష్యన్ అనే ఒకే మాట. రుసోఫోబియాలో ఉన్నది రూస్కీ వైపు, అంటే జాతి. కానీ వార్తల్లో ఎక్కువసార్లు దేని గురించి? రస్సీస్కీ ప్రభుత్వం మీద ఆంక్షల గురించి, సైన్యం మీద విమర్శ గురించి. ప్రభుత్వాన్ని అన్న మాటని జాతిని అన్నట్టు చూపించడానికి ఈ మాట వంతెనలా పనికొస్తోంది.

నిజంగా జాతిని తిట్టే మాటలు వేరే ఉన్నాయి. ఉక్రెయిన్, పోలండ్‌లలో మోస్కాల్, ఉక్రెయిన్‌లో కత్సాప్ అనేవి తిట్లు. రష్యన్లు ఉక్రేనియన్లని తిట్టేది ఖహోల్ అని. వీధిలో ఒక మనిషిని ఆపి ఆ మాట అంటే అది విద్వేషం, అందులో ఎవరికీ సందేహం అక్కర్లేదు.


లత_ప్రాగ్
గురువారం, రాత్రి 9:20

నేను ప్రాగ్‌లో ఐటీలో ఉంటాను, ఏడేళ్లయింది. నా పక్క సీటు అమ్మాయి నోవొసిబిర్స్క్ నుంచి వచ్చింది. యుద్ధం మొదలైన వారం ఆఫీసులో ఏడ్చింది, జీతంలోంచి ఉక్రెయిన్ శరణార్థులకి డబ్బులిచ్చింది, స్టేషన్‌కెళ్లి దుప్పట్లు పంచింది. వాళ్లతో రష్యన్‌లో మాట్లాడగలదు కాబట్టి అక్కడ ఆమె అవసరం కూడా ఉండింది.

అదే అమ్మాయి ట్రామ్‌లో వాళ్లమ్మ ఫోన్ వస్తే కట్ చేసి దిగాక చేసేది. ఒకసారి నేను పక్కనే ఉన్నాను, మర్చిపోయి ఎత్తింది, రెండు ముక్కలు మాట్లాడిందో లేదో ఎదుటి సీట్లో పెద్దాయన లేచి వెళ్లి దూరంగా నిలబడ్డాడు. ఏమీ అనలేదు. ఆ లేచి వెళ్లడం చాలు. ఆమె చెవులు ఎర్రబడటం నాకు కనిపించింది. ఒక బ్యాంకులో పాస్‌పోర్ట్ చూసి ఖాతా తెరవడం కుదరదన్నారు, అద్దె ఇల్లు ఒకటి చేతిదాకా వచ్చి పోయింది.

అయితే ఆ పెద్దాయన వయసు చూస్తే 1968 ఆగస్టులో కుర్రాడై ఉంటాడు. ఇక్కడివాళ్లు 21వ తేదీ అంటే చాలు, ఏ సంవత్సరమో చెప్పక్కర్లేదు, వీధుల్లోకి సోవియట్ ట్యాంకులొచ్చిన రోజు. ఆయన కోపం ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు. అది వచ్చి తగిలింది మాత్రం తొంభైల్లో పుట్టిన అమ్మాయికి. ఆయన బాధ, ఆమె బాధ రెండూ నిజమే. రెండిటికీ కలిపి ఒకే మాట పెట్టి ప్రెస్‌మీట్‌లో వాడేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ అమ్మాయికి కూడా మండుతుంది. "నా కోసం అని చెప్పి వాళ్లు ఈ మాట వాడతారు, నేను యుద్ధం వద్దంటే నన్ను కూడా అదే పేరుతో తిడతారు" అంటుంది. అవునక్షరాలా, వాళ్ల ఊళ్లో పక్కింటివాళ్లు ఆమెని రుసోఫోబ్ అన్నారట. వేణు గారు చెప్పిన ఆ కవి ఉత్తరం సంగతి చదివి ఆమెకి చెప్పాను.


సాగర్_నల్గొండ
గురువారం, రాత్రి 10:02

సరే, నా మాట వెనక్కి తీసుకుంటున్నా. చదువుతుంటే 2022 నాటిది ఒకటి గుర్తొచ్చింది. ఫ్రాన్స్‌లో పుతిన్ పేరుని పూతీన్ అని రాస్తారు, కెనడాలో ఆలుగడ్డ వేపుళ్ల మీద చీజ్, గ్రేవీ పోసిచ్చే తిండి పేరు కూడా అక్షరం తేడా లేకుండా అదే. పారిస్‌లో ఆ తిండి అమ్మే హోటల్‌కి ఫోన్ చేసి తిట్టారు, బెదిరించారు, చివరికి మాకూ పుతిన్‌కీ సంబంధం లేదని వాళ్లు ప్రకటన ఇచ్చుకోవాల్సొచ్చింది. న్యూయార్క్‌లో రష్యన్ టీ రూమ్ అని పేరున్న హోటల్ కూడా ఉక్రెయిన్ వైపే ఉన్నామని చెప్పినా జనం రావడం తగ్గిపోయింది. పిల్లుల పోటీల సంఘం ఒకటి రష్యా పిల్లుల్ని కూడా నిషేధించింది. ఇది మరి ఏ లెక్కలో రాయాలి?


ఎత్తుకు_పైఎత్తు
శుక్రవారం, ఉదయం 7:33

సాగర్ గారూ, దీనికి చెస్ వైపు నుంచి ఒక కొలత చెప్తాను, నాకు అదే బాగా పనికొచ్చింది. మనిషిని శిక్షించింది అతను అన్నదానికా, చేసినదానికా, పాస్‌పోర్ట్‌కా?

రష్యా చెస్ గ్రాండ్‌మాస్టర్ కర్యాకిన్ యుద్ధాన్ని బహిరంగంగా సమర్థిస్తూ పోస్టులు పెట్టాడు. 2022 మార్చిలో ఫిడే, అంటే ప్రపంచ చెస్ సమాఖ్య, ఎథిక్స్ కమిషన్ ఆరు నెలలు నిషేధించింది, ప్రపంచ చాంపియన్‌తో ఆడేవాణ్ని తేల్చే క్యాండిడేట్స్ టోర్నీ పోయింది. ఆయన పుట్టింది క్రిమియాలో, చిన్నప్పుడు ఆడింది ఉక్రెయిన్ తరఫున. ఆ శిక్ష ఎక్కువా తక్కువా అని వాదించుకోవచ్చు, కానీ అది ఆయన మాటలకి. అదే సమయంలో నెపోమ్నియాషి, ఇంకా కొందరు, మొత్తం 44 మంది రష్యన్ ఆటగాళ్లు యుద్ధం ఆపమని పుతిన్‌కి బహిరంగ లేఖ రాశారు. నెపో ఫిడే జెండా కింద ఆడి అదే క్యాండిడేట్స్ గెలిచాడు. ఎవరూ ఆపలేదు.

ఇప్పుడు వింబుల్డన్ చూడండి. అదే 2022లో రష్యా, బెలారస్ ఆటగాళ్లందరినీ రావద్దన్నారు, ఎవరేం మాట్లాడారో చూడలేదు. ఆ ఏడు మహిళల టైటిల్ గెలిచింది రిబకినా. పుట్టి పెరిగింది మాస్కోలో, 2018లో కజకిస్తాన్‌కి మారింది కాబట్టి ఆడనిచ్చారు. పాస్‌పోర్ట్ తప్ప తేడా ఏముంది? ఆ నిర్ణయం తప్పని నా అభిప్రాయం, మరుసటి ఏడు వాళ్లే మార్చుకున్నారు. మిలాన్‌లో ఒక యూనివర్సిటీ దస్తయేవ్‌స్కీ పాఠాలు వాయిదా వెయ్యమని చెప్పి, గోల అయ్యాక వెనక్కి తగ్గింది. 1881లో చనిపోయిన మనిషి, జార్ ప్రభుత్వం మరణశిక్ష దాకా తీసుకెళ్లి సైబీరియాకి పంపిన మనిషి. అలాంటివాటిని రష్యన్లపై ద్వేషం అనండి, నేను ఒప్పుకుంటాను. ట్యాంకులు కొనే డబ్బు ఆపడానికి పెట్టిన ఆంక్షల్ని ఆ మాటతో పిలిస్తే ఒప్పుకోను.


చరిత్ర_వేణు
శుక్రవారం, ఉదయం 9:00

మంచి కొలత. దానికి ఒకటి కలుపుతాను, మాట ఎవరి నోట్లో ఉందో కూడా చూడాలి. 2021 డిసెంబర్‌లో, యుద్ధానికి రెండు నెలల ముందు, తూర్పు ఉక్రెయిన్‌లోని డాన్‌బాస్ గురించి మాట్లాడుతూ రుసోఫోబియా అనేది జాతి నిర్మూలనకి మొదటి మెట్టు అన్నాడు పుతిన్. ఫిబ్రవరిలో యుద్ధానికి చెప్పిన కారణాల్లో జాతి నిర్మూలన ఒకటి. 2023 మార్చి 14న భద్రతా మండలిలో రుసోఫోబియా మీదే ప్రత్యేకంగా సమావేశం పెట్టించింది రష్యా. అక్కడ మాట్లాడిన చరిత్రకారుడు తిమోతీ స్నైడర్, రష్యన్లకి, రష్యన్ సంస్కృతికి ఎక్కువ హాని చేస్తున్నది రష్యా ప్రభుత్వ విధానాలేనని, దాడి చేసినవాడు బాధితుడిగా కనిపించడానికి ఈ మాట వాడుతున్నాడని వాదించాడు. ఖార్కివ్ తమ్ముడు చెప్పిన బేస్‌మెంట్‌లో కూర్చున్నవాళ్లు ఎక్కువమంది రష్యన్ మాట్లాడేవాళ్లేనన్నది తల్చుకుంటే ఆ వాదన నాకు సరైనదనే అనిపిస్తుంది.


డెస్క్_సుబ్బు
శనివారం, రాత్రి 1:10

ఇప్పుడే పేజీ వదిలి వచ్చాను. అందరికీ పేరుపేరునా థ్యాంక్స్. ఖార్కివ్ తమ్ముడూ, నీ పోస్టు ప్రింట్ తీసి డెస్క్‌లో అందరిచేతా చదివించాను, నీ పేరు లేదు కాబట్టి ఏమీ అనుకోవనుకుంటాను.

ఇన్‌ఛార్జ్ గారితో కూర్చుని ఒక అరగంట మాట్లాడాం. మాస్కో అధికారులు అన్నదైతే రుసోఫోబియా అని కోట్స్‌లో పెట్టి, ఎవరన్నారో అదే వాక్యంలో రాసి, మొదటిసారి వచ్చినచోట రష్యన్లపై విద్వేషం అని అర్థం ఇస్తాం. నిజంగా ఒక మనిషికి రష్యన్ అయినందుకే ఏదైనా జరిగితే ఫోబియా గీబియా లేకుండా రష్యన్లపై విద్వేషం అనే రాస్తాం, ఏం జరిగిందో కూడా రాస్తాం. ప్రభుత్వం మీదైతే రష్యా ప్రభుత్వంపై ఆగ్రహం, నిరసన, ఆంక్షలు, ఏది జరిగితే అది. రష్యా భయం అనేది యూరప్ వాళ్లు నిజంగా దాడికి భయపడుతున్న వార్తలకి ఉంచుకుంటాం. హెడ్డింగ్ ఒక లైన్ పెరిగితే పెరుగుతుంది, ఫొటో కొంచెం తగ్గిద్దాం అన్నారు ఇన్‌ఛార్జ్ గారు, ఆయన నోటి నుంచి ఆ మాట నేను మొదటిసారి విన్నాను.

పదకోశం గారూ, రస్సోఫోబియా అని కొందరు, రుసోఫోబియా అని కొందరు రాస్తున్నారు కదా, రష్యన్ ఉచ్చారణకి దగ్గరగా ఉందని రు ఖాయం చేశాం. తప్పైతే చెప్పండి.

సాయంత్రం మాస్టారికి ఫోన్ చేశాను. అంతా విన్నారు. "అయితే నా దొంగభయం పనికొచ్చిందన్నమాట" అని సంతోషపడ్డారు. తర్వాత "ఆ హాస్టల్ ఆవిడ, చెల్లెలు మళ్లీ మాట్లాడుకున్నారా?" అని అడిగారు. తమ్ముడూ, నీకు తెలిస్తే చెప్పు, ఆయనకి చెప్తాను.


ఖార్కివ్_బ్యాచ్
శనివారం, ఉదయం 8:25

ఏమీ అనుకోనన్నా. మొన్న న్యూ ఇయర్‌కి చెల్లెలు మెసేజ్ పెట్టిందట, రష్యన్‌లో, ఒంట్లో ఎలా ఉందని. ఈవిడ చదివింది. ఇంకా జవాబివ్వలేదు.